చుక్కల దుప్పటి

“వంగురా గణేశ్, ఇంకింత వంగు! చిరుతపులికి గంత కడుపుంటదా?”

“ఉన్న కడుపును యాడ పెట్టుమంటవ్ బావా?”

వీర్నపల్లి గుట్టల మధ్య ఎండుగడ్డిలో, చుక్కల దుప్పటి కప్పుకుని, మోకాళ్ల మీదా అరచేతుల మీదా వంగి ఉన్నాడు గణేశ్. నలభై రెండేళ్ల మనిషి. సిరిసిల్ల బజారులో దుప్పట్ల దుకాణం. కప్పుకున్నదీ ఆ దుకాణంలోదే. ముప్పై అడుగుల దూరంలో అతని బావ కరుణాకర్ నేలమీద బోర్లా పడుకుని, చెయ్యంత పొడవున్న లెన్సుకు కన్ను ఆనించి పళ్లు కొరుకుతున్నాడు.

కరుణాకర్ కోరుట్ల ప్రకృతి ఫొటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షుడు. అందరికంటే పెద్ద కెమెరా ఆయనదే కాబట్టి ఆ పదవి. ఎల్లుండి జగిత్యాలలో ఫొటోల ప్రదర్శన. దానికోసం ఆకుపచ్చ టోపీ, ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ బూట్లు వేసుకుని మూడు రోజులు కవ్వాల్ అడవిలో కాళ్లు వాచేలా నడిచాడు. ఒక్క జంతువూ కనికరించలేదు. మొత్తానికి దక్కింది ఒక కొండముచ్చు. అదీ వీపు తిప్పి కూర్చుంది. ఉత్త చేతులతో పోతే జగిత్యాల విఠల్ నవ్వుతాడు. విఠల్ నిరుడు ఏకంగా పెద్దపులినే తీశాడు మరి.

“బావా, చీమలు!”

“చిరుతలు చీమలకు భయపడయ్. తలకాయ గడ్డిల పెట్టు.”

“పల్లేరుకాయలు గుచ్చుతున్నయ్. అక్క మీద ఒట్టు, ఇగ నాతోని కాదు.”

“ఒక్క ఫొటోరా! అడవి మీద జరంత ప్రేమ లేదారా నీకు?”

“నీకుంటే నువ్వే కప్పుకో. నేను తీస్త.”

ఆ మాట కరుణాకర్ చెవిన వేసుకోలేదు. పొద్దు గుట్టల మీదికి వాలుతోంది. పసుపుపచ్చటి వెలుతురు ఏటవాలుగా వచ్చి దుప్పటి చుక్కల మీద పడింది. సరిగ్గా అప్పుడే ఓ చీమ ఎక్కడ కుట్టిందో ఏమో, గణేశ్ నడుము ఒక్క విసురు విసిరాడు. అచ్చం వేట మీదికి దూకబోయే చిరుతే! కెమెరా టకటకా పదిసార్లు మోగింది.

ఇంటికొచ్చాక కరుణాకర్ ఆ ఫొటోను కంప్యూటర్‌లో భార్య సుధకు చూపించాడు.

“ఎట్లుంది?” అన్నాడు.

“మంచిగనే ఉంది. కానీ గా నడుము అచ్చం మా నాయన దిక్కోళ్ల నడుమే.”

“అడవి జంతువును పట్టుకొని గవేం మాటలు?” అని కంప్యూటర్ కట్టేశాడు కరుణాకర్.

జగిత్యాలలో మొదటి బహుమతి ఆ ఫొటోకే వచ్చింది. పేరు ‘కవ్వాల్ రారాజు’. శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. మైకు దొరికితే కరుణాకర్ ఊరికే వదలడు.

“మూడు దినాలు చెట్టు మీదనే ఉన్న. మంచినీళ్లు ముట్టలే. దానికి నాకు నడుమ పది అడుగులు. దాని కండ్లల్లకు సూటిగ చూసి, ‘నీ ఇంటికి అచ్చినోణ్ని, మన్నించు తల్లీ’ అన్న. తల వంచుకొని పోయింది.”

హాలంతా చప్పట్లు. విఠల్ కూడా కొట్టాడు, దోమను చంపినట్టు ఒక్కసారి. గణేశ్ మాత్రం రాలేదు. మోకాళ్లకు మందు రాసుకుని సిరిసిల్లలోనే పడుకున్నాడు.

చప్పట్లు సద్దుమణిగాక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ అఖిల ఆ ఫొటో దగ్గరికి వచ్చింది. ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది. దాన్ని తన ఫోనులో తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది. తరువాత కరుణాకర్ వైపు తిరిగింది.

“సార్, గిది యాడ తీసిండ్రు?”

“కవ్వాల్ల మేడం. లోపల... బాగ లోపల.”

“గీ బండలు కవ్వాల్లయి కావు. వీర్నపల్లి గుట్టలల్ల ఏడాదిసంది తిరుగుతున్న. నాకు ఎరుకే.”

కరుణాకర్ మెడ దగ్గర శాలువాను వదులు చేసుకున్నాడు.

“పది రోజులసంది ఆ గుట్టల కాడ మేకలు మాయమైతున్నయ్,” అంది అఖిల గొంతు తగ్గించి. “నిన్న చిరుత ఒక లేగదూడను ఎత్తుకపోయింది. జనం చేన్లకు పోతలేరు. మీరు కండ్లార చూసి గూడ మాకు ఒక్క ఫోన్ చెయ్యకపోతిరి. సరిగ్గ ఏ జాగల తీసిండ్రో చెప్పుండ్రి. బోను తెప్పిస్తున్న.”

బోను అనగానే కరుణాకర్‌కు ఇనుప చువ్వల వెనక గణేశ్ కళ్ల ముందు మెదిలాడు. ఆ చువ్వలకు ఇవతల చీపురు పట్టుకుని నిలబడ్డ సుధ కూడా మెదిలింది. గబగబా అఖిలను ఓ మూలకు పిలిచి రెండు చేతులూ జోడించాడు.

“మేడం, మీకు దండం పెడ్త, నలుగుట్ల చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది. గా మేకలను తిన్నది గీడు కాదు. గీ ఫొటోల ఉన్నోడు మా బామ్మర్ది. నేనే దుప్పటి కప్పి వంగపెట్టిన. శనివారం గుడ్డు గూడ ముట్టడు పాపం.”

అఖిల నవ్వలేదు.

“దుప్పటి సంగతి నాకు చూడంగనే తెలిసింది సార్. అంచు కుట్టు గూడ కనబడుతున్నది.”

“మరి బోనెందుకు మేడం?”

ఆమె ఫోను ఆయన ముందుకు జరిపి, గణేశ్ నడుము దాటి, గడ్డి దాటి, వెనకున్న బండ నీడను వేళ్లతో పెద్దది చేసింది.

“దీనికి సార్. మీ బామ్మర్ది ఎనుక కూసోని, ఆయన్నే చూస్తున్న గీ అసలు చిరుతకు.”