మణిగాడి మీసం

నాలుగేళ్ల పిల్లాడికి నూనూగు మీసమేమిటండీ! అప్పలరాజు రోజూ పొద్దున్నే చొక్కా లేకుండా భుజాల మీద ఎక్కించుకుని ఫిషింగ్ హార్బరులో బోట్లు చూపించే ముద్దుల కొడుకు మణికంఠ. వాడు పైనుంచి బొంగురు గొంతుతో "నాన్నా" అంటుంటే అప్పలరాజు ఉలిక్కిపడుతున్నాడు.

"ఇది మామూలుది కాదు మావా, డాట్రుకి సూపిద్దాం," అని భార్య సాయిదుర్గ పోరు పెట్టి తీసుకెళ్లింది.

"మగ హార్మోను తయారుచేసే కణాలు మగబిడ్డ వృషణాల్లో తల్లి కడుపులో ఉండగానే పుడతాయి. పుట్టిన కొన్నాళ్లకి నిద్రపోయి, మీసాలొచ్చే వయసుకి మళ్లీ లేస్తాయి," అంది డాక్టరు కుసుమకుమారి, రిపోర్టులు చూస్తూ. "మీవాడివి ఇంకా నిద్రలోనే ఉన్నాయి. అంటే హార్మోను బయటనుంచి ఒంట్లోకి పోతోంది. ఇలాగే సాగితే ఎముకలు ముదిరిపోయి ఎదుగుదల ఆగిపోతుంది. బాబు ఒంటికేమైనా రాస్తున్నారా?"

అప్పలరాజుకి చటుక్కున తట్టింది. రాస్తోంది! తన తల్లి సూర్యకాంతమ్మ రోజూ సాయంత్రం మనవణ్ణి ముందు కూచోబెట్టుకుని ఒళ్లంతా నూనె మర్దనా చేస్తోంది.

ఆ రోజునుంచి తల్లి మీద ఓ కన్నేశాడు. ఆవిడ ఆ సీసా ఎవరి చేతికీ ఇవ్వదు. బీరువా వెనక దాస్తుంది. ఎందుకు దాస్తున్నట్టు? ఆగలేక ఓ సాయంత్రం లాక్కున్నాడు.

"ఏటి కలిపినావమ్మా ఇందులో?"

"నువ్వుల నూనెరా. నిన్నూ దీంతోనే పెంచినాను."

"మరి దాసుడేటి?"

"నీ పెళ్లాం కూరలో పోసేత్తాదని."

ఒక్క ముక్క నమ్మలేదు. సీసా కాలవలో పారబోసి, తల్లి బట్టలు సంచిలో కుక్కి, పరవాడలో చెల్లెలింటికి ఆటో ఎక్కించేశాడు.

"నా మనవడికి నాను ఇసం పెడతానేట్రా?" కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది ముసలావిడ. మణికంఠ ఆ గరగర గొంతుతో "మామ్మా" అంటూ ఆటో వెంట పరుగెత్తాడు.

"ఇంక నీకేటీ అవదురా," అంటూ అప్పలరాజు వాణ్ణి గుండెకి హత్తుకున్నాడు. చాన్నాళ్లకి కంటినిండా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే స్నానాలగది గడియ పెట్టుకుని, ఏడాదిగా పెళ్లానికి కూడా తెలియకుండా వాడుతున్న మగ హార్మోను జెల్లు రెండు భుజాలకీ దట్టంగా పూసుకుని, అది ఆరకుండానే కొడుకుని ఎప్పట్లాగే భుజాల మీద ఎక్కించుకున్నాడు.