మంగళవారం, నాలుగూ ఇరవై

"తేదీ ఒక్కటి మారిస్తే చాలదన్నా, వారం గూడ కలవాలె," అన్నాడు ఆఫీసులో పక్క సీటు రాకేశ్, రవికిరణ్ కంప్యూటర్‌లోకి తొంగిచూస్తూ. "ముందుగాల వారం, తర్వాత కామా, తేదీ, నెల, సంవత్సరం, టైము. ఆఖర్ల మన దేశం టైమ్ జోన్. ఒక్కటి తప్పినా దొంగ మెయిలని దొరికిపోతది."

ఇరవై ఏళ్లుగా మెయిళ్లు పంపే ప్రోగ్రాములు రాసి బతుకుతున్న రవికిరణ్‌కు ఇవేవీ తెలియనివి కావు. ఇవాళ మాత్రం వారం రెండుసార్లు తప్పు కొట్టాడు.

భార్య వీరలక్ష్మి పోయి నలభై రోజులు. కూతురు ఉమాశ్రీ కాలేజీ మానేసింది. ఆసుపత్రిలో వారం రోజులు తల్లి మంచం వదలని పిల్ల, ఇప్పుడు అనేది ఒకటే: "పోయేముందు అమ్మ నాకేం చెప్పలేదు నాన్నా."

వీరలక్ష్మి ఏది చెప్పాలన్నా కూతురికి మెయిల్ రాసే మనిషి. అందుకే ఆ చెప్పని మాటలు, ఆమె మెయిల్ నుంచి తానే రాశాడు. చదువు ఆపొద్దనీ, వేళకు తినమనీ, నాన్నను చూసుకోమనీ. ఇక ఆమె ఉన్నప్పుడే రాసినట్టు దానికి పాత తేదీ పడాలి.

"ఏ దినం పెట్టమంటవ్?"

"సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం. సాయంత్రం నాలుగూ ఇరవై."

బుధవారం తెల్లారకముందే ఆమె పోయింది. మంగళవారం నాలుగింటికి అతను ఈ కుర్చీలోంచే ఫోన్ చేశాడు. ఆ రాత్రి క్లయింటుకు పని అప్పగించాలి. "అమ్మ ఇప్పుడే జావ తాగింది, నవ్వుతూ మాట్లాడుతోంది. పని ముగించుకునే రా నాన్నా," అంది ఉమాశ్రీ. ఆ మాట నమ్మే ఆగిపోయాడు. ఆ మాటే లేకపోతే ఈ నలభై రోజులూ అద్దంలో తన మొహం తాను చూసుకోలేకపోయేవాడు.

"ఫికర్ చెయ్యకన్నా. పాత మెయిళ్ల నడుమ పోయి కూసుంటది," అన్నాడు రాకేశ్.

సాయంత్రం కొండాపూర్‌లో ఇంటికి చేరాక చెప్పులైనా విప్పకుండా, "అమ్మ నీకేమైనా మెయిల్ పంపిందేమో, ఓసారి వెతికి చూడమ్మా," అన్నాడు. నటించడం బొత్తిగా చేతకాని మనిషి.

ఉమాశ్రీ ఫోన్ తీసింది. వెతికింది. చదివి, మళ్లీ పైకి వెళ్లి తేదీ దగ్గర ఆగింది. కళ్లు నిండాయి. వచ్చి తండ్రి భుజం మీద తల ఆనించింది.

"రేపట్నుంచి కాలేజీకి వెళ్తాను."

"చూశావా, అమ్మ చెప్పకుండా పోలేదు," అన్నాడతను.

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, మెల్లగా అంది.

"ఆ మంగళవారమంతా అమ్మకు స్పృహే లేదు నాన్నా."