చివరి ర్యాంకు పిల్ల

అందరిళ్లలో లాగే ఆముక్త వాళ్ల హాల్లోనూ ర్యాంకుల అద్దం ఉంది. పొద్దున్నే పిల్లలు దాని ముందు నిలబడితే, అందంలో క్లాసులో ఎవరి ఒళ్లు ఎన్నోదో అందరికీ చెబుతుంది. తొమ్మిదో తరగతి చదివే బొద్దు పిల్ల ఆముక్తది ఎప్పుడూ చివరి ర్యాంకే.

టైఫాయిడ్‌తో ఆముక్త చిక్కి సగమైంది. మంచం దిగి అద్దం ముందు నిలబడిన రోజున ఆమె ఒక మెట్టు పైకెక్కింది. క్లాస్‌మేట్ లిఖిత చివరికి జారింది.

సాయంత్రానికల్లా లిఖిత తల్లి కూతురిని వెంటబెట్టుకుని సున్నుండల డబ్బాతో వచ్చింది.

"డాక్టరు పథ్యం చెప్పారండీ" అంది ఆముక్త తల్లి వసుంధర.

"పథ్యాలదేముందండీ, పిల్ల పుల్లలా అయిపోయింది!"

లిఖిత రెండు ఉండలు ఆముక్త నోట్లో పెట్టింది. తను మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

వాళ్లు వెళ్లాక వసుంధర కళ్లొత్తుకుంది. "ఎంత ప్రేమే వాళ్లకి!"

"ప్రేమేం కాదమ్మా. నన్ను మళ్లీ చివరికి తొయ్యాలని."

వసుంధర విసురుగా డబ్బా అందుకుంది. "చెత్తలో పారేస్తానుండు."

"వద్దమ్మా, ఇటివ్వు" అంది ఆముక్త. "నేను చివర ఉంటేనే అందరూ నా పక్కన కూర్చుంటారు. నా పక్కనైతే వాళ్లు బాగా కనిపిస్తారుగా. ఇప్పుడు ఎవరు కూర్చుంటారు?"

వసుంధర డబ్బా కూతురి ఒళ్లో పెట్టి, వంటింట్లోంచి నెయ్యి గిన్నె కూడా తెచ్చింది.