ఠ అంటే ఏంది మామా?

"అక్కా, ఠ అంటే ఏంది?"

టీ గ్లాసు అందుకుంటూ ఎవరో కాలేజీ పిల్లోడు అడిగాడు.

రమ్యకు ఒళ్ళు మండింది. వచ్చిన ప్రతివాడూ ఇదే ప్రశ్న!

"నన్నడుగుతావేంది? పెట్టినాయన్ను అడుగు," అంది, చక్కెర డబ్బా మూత టపీమని వేసి.

పెట్టినాయన అంటే మామ ఏడుకొండలు. మార్కాపురం బస్టాండు బయట ఆయన టీకొట్టు. కొట్టు నెత్తిన కిటికీ తలుపంత పలకరాయి. దాని మీద తెల్లరంగుతో ఒకే ఒక్క అక్షరం. ఠ.

పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబరు లేదు.

పెళ్ళయి వచ్చిన మర్నాడే రమ్య మొదలుపెట్టింది. "మామా, దీన్ని తీసేసి మంచి ఫ్లెక్స్ పెడదాం. చుట్టూ లైట్లు. 'రమ్య టీ స్టాల్' అని పెద్దగా..."

ఏడుకొండలు నవ్వాడు. "దానికి అసలు అర్థం ఎవురన్నా చెప్పనీమ్మా. ఆ దినమే దించేస్తా. చెప్పినోళ్ళకు బతికినంత కాలం టీ ఊరికే."

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంక రమ్య ఊరుకుంటుందా? తన ఫ్లెక్స్ కోసం వచ్చినవాళ్ళనల్లా తానే ఎగదోసింది.

పక్కన పంక్చర్లు వేసే నవాజ్ ముందుకొచ్చాడు. "ఠికాణా వదినా! మనిషన్నాక ఒక ఠికాణా ఉండాల గదా."

"మంచి మాటే నవాజూ. అది గాదు," అన్నాడు ఏడుకొండలు.

కానిస్టేబులు ఠాణా అన్నాడు. గిద్దలూరు బస్సు కండక్టరు, "ఠంచనుగా వచ్చే బస్సు," అన్నాడు.

"అట్లాంటి బస్సు యాడుంది సామీ?" అని ఎవరో అనేసరికి కొట్టంతా గొల్లుమంది.

తెలుగు టీచరు రాధాకుమారి మాత్రం పాఠమే చెప్పింది. "అశోకుని కాలంలో ఇది వట్టి గుండ్రం. నడుమ చుక్క, నెత్తిన తలకట్టు తర్వాత వచ్చి చేరినాయి."

ఏడుకొండలు నోరు తెరుచుకుని విన్నాడు. ఇంకో టీ పోసి చేతికిచ్చాడు. "దీని పుట్టుక తెలిసింది మేడమ్. అర్థం గాదు."

రమ్య నెత్తి కొట్టుకుంది.

ఒక రోజు ఏడుకొండలు కొమరోలులో పెళ్ళికి పోయాడు. కొట్టులో రమ్య ఒక్కతే.

మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. టీ తీసుకుని రోడ్డు మీదికి పోయి నిలబడి, బోర్డు వంకే చూస్తున్నాడు. తనలో తానే నవ్వుకుంటున్నాడు.

"పెద్దాయనా, టీ చల్లారతాంది."

"ఈ గుర్తు ఎవురు పెట్టినారు పాపా?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. చుట్టూ టీ, టీ అని జనం.

"ఎవురో పెయింటరు వేసిపోయినాడులే," అంది రమ్య, వదిలించుకుంటే చాలని.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. బోర్డు వైపు కర్ర ఎత్తి చూపించాడు.

"ఇది గొర్రెల మీద వేసే ముద్ర పాపా. ఈ అక్షరంతో పేరున్నోడు ఏ ఊర్లోనూ ఉండడంట. అందుకే ఎన్ని మందలు కలిసిపోయినా మన గొర్రె మనకు దొరుకుతాదంట. మా నాయన చెప్పేవోడు."

రమ్య పకపకా నవ్వింది. "ఠికాణా అయిపాయె, ఠాణా అయిపాయె, ఇప్పుడు గొర్రెలా! బాగుంది పెద్దాయనా."

ఆయన కూడా నవ్వాడు. అంతలో పొదిలి బస్సు హారను కొట్టింది.

"వస్తా పాపా. కొనకనమిట్ల కాడ ఒకాయన మంద కాస్తన్నా. గొర్రెల్ని వేరేవోనికి అప్పజెప్పి వచ్చినా."

బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి, మలుపు తిరిగేదాకా బోర్డునే చూశాడు.

సాయంత్రం ఏడుకొండలు పెళ్ళి లడ్డూల మూటతో దిగాడు. దిగుతూనే రోజూ అడిగే మాటే అడిగాడు.

"ఈ పొద్దు ఎవురన్నా చెప్పినారామ్మా?"

"అయ్యో మామా, నువ్వుండాల్సింది! గొంగడేసుకుని ఒకాయన వచ్చినాడు." రమ్య గరిటెను కర్రలా పట్టుకుని ఆయనలాగే నిలబడింది. "ఇది గొర్రెల ముద్ర పాపా! ఈ అక్షరంతో పేరున్నోడు ఏ ఊర్లోనూ ఉండడంట! ఎన్ని మందలు కలిసిపోయినా మన గొర్రె మనకు..."

లడ్డూల మూట జారి కింద పడింది.

"ఇంకోసారి చెప్పమ్మా."

రమ్య చెప్పింది. ఈసారి నవ్వలేదు.

"ఇంకేమన్నాడు?"

"బోర్డు ఎవురు పెట్టినారని అడిగినాడు. నేను..." ఆమె గరిటె కింద పెట్టేసింది. "ఎవురో పెయింటరని చెప్పినా మామా. పనిలో ఉండి, ఊరికే అనేసినా. తప్పయిందా?"

ఏడుకొండలు ఆమె తల మీద చెయ్యి వేశాడు. "యాడ ఉంటాడో చెప్పినాడా?"

"కొనకనమిట్ల కాడ మంద కాస్తన్నాడంట."

"నవాజూ! బండి తియ్‌రా నాయనా, కొనకనమిట్ల పోదాం!"

పంక్చర్ షాపు అదిరిపోయేలా అరిచాడు. కళ్ళనిండా నీళ్ళు, మూతినిండా నవ్వు. ఆయన్ను అట్లా రమ్య ఏనాడూ చూడలేదు.

నవాజ్ బండి స్టార్ట్ చేశాడు. రమ్య పరుగున వెళ్ళి, కిందపడ్డ లడ్డూల మూట దులిపి మామ చేతిలో పెట్టింది.

"ఎవురు మామా ఆయన?"

"ఆ బోర్డు ఇంక వాని చేతుల్తోనే దించనీమ్మా," అన్నాడు ఏడుకొండలు, బండి ఎక్కుతూ. "మేతకు పోయిన మందలో ఆరేళ్ళప్పుడు తప్పిపోయిన మా తమ్మునికి వచ్చిన అక్షరం అదొక్కటే."