నైరీ చెక్కిన పిట్ట

నైరీ జీవితంలో చేసిన మొదటి మోసం అరచేతిలో ఇమిడేంత ఉంది. అదొక చెక్క పిట్ట, ముక్కు చివర చెంచాలా వెడల్పు. అలాంటి పిట్టను ఆమె పుస్తకాల్లో తప్ప చూడలేదు. ఒక్కసారి కళ్లారా చూడాలని పడుచుతనం నుంచీ ఆశపడుతూనే ఉంది.

అంత అరుదైన పిట్ట వాలిందంటే తీరంలోని ఈ బురదనేల జోలికి ఎవరూ రారు. లేదంటే ఊరి కౌన్సిల్ వాళ్లు దీన్ని పూడ్చి పడవల రేవు కట్టేస్తారు. ఇప్పుడు అలాస్కాకు బయల్దేరుతున్న గాడ్విట్ వలస పక్షులకు తిరిగొచ్చేసరికి కాలు మోపే చోటుండదు. అందుకే తెల్లవారకముందే చెక్క పిట్టను వాటి మధ్య గుచ్చి రమ్మని మరిది డెస్ చేతికిచ్చింది.

ఆ రోజు మార్చిలో ఓ ఆదివారం, వలస పక్షులకు వీడ్కోలు చెప్పే నడక. పక్షి ప్రేమికుల గుంపుతో పాటు కౌన్సిల్ మనిషి క్రెయిగ్ బురదంటని కొత్త రబ్బరు బూట్లతో వచ్చాడు. తనే చూపిస్తే అనుమానం వస్తుందని నైరీ టెలిస్కోపును స్నేహితురాలు మెరిల్‌కి వదిలేసి, టీ ఫ్లాస్కుతో కుస్తీ పడుతూ కూర్చుంది.

"నైరీ, ఇలా రావే. నాకు పిచ్చెక్కిందో ఏమో," అంది మెరిల్. "ఆ ముక్కు చూడు, అచ్చం చెంచా."

గుంపంతా ఎగబడింది. క్రెయిగ్ కూడా కన్ను ఆనించాడు.

"నిజంగా అదేనంటారా?"

"పుస్తకంలో అలాగే ఉంటుంది మరి," అంది నైరీ. పుస్తకం చూసే కదా చెక్కింది.

"అదిగో, తల తిప్పింది," అంది మెరిల్.

"ఏదో తింటోంది కూడా," అన్నాడు వెనకనుంచి ఒకాయన.

నైరీ నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది. ఈ పిట్టల పిచ్చోళ్లు మొండి చెక్కకు కూడా ఆకలి పుట్టిస్తారు.

"నువ్వు చూడవేంటే?" అంది మెరిల్.

"మీరు చూడండమ్మా. నా కళ్లద్దాలు మసకబారాయి."

నిజానికి ఆమె చూస్తున్నది క్రెయిగ్ ముఖాన్ని. అతను లేచి కళ్లు తుడుచుకున్నాడు. "రేవు సంగతి మర్చిపోండి. ఇది చూశాక ఇక్కడ మట్టి పొయ్యమని నేను చెప్పలేను."

నైరీ గుండె తేలికపడింది, సిగ్గుతో మళ్లీ బరువెక్కింది. అంతలో సముద్రపు పోటు మొదలైంది. నీళ్లొస్తే పిట్టలన్నీ లేస్తాయి, చెక్కది లేవదు. గబగబా టెలిస్కోపు మడిచేసింది.

"చీజ్ రోల్స్ చల్లారిపోతున్నాయి, పదండి పదండి." వెనక్కి తిరిగి చూడబోయిన మెరిల్ చెయ్యి పట్టుకుని మరీ లాక్కుపోయింది.

అందరూ ఊరి హాల్లో తింటుండగా డెస్ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నైరీ అతన్ని పక్కకు తీసుకెళ్లింది.

"ఎంత బాగా గుచ్చావయ్యా. బతికున్నదే అనుకున్నారు అందరూ."

డెస్ తల గోక్కున్నాడు. "దెప్పకు వదినా, పొద్దున మెలకువ రాలేదు. నీ పిట్ట ఇంకా నా కారు డిక్కీలోనే ఉంది."