దెందులూరు దాటిన రైలు

ఇంజను మళ్ళీ ఏలూరు ప్లాట్‌ఫారానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఇవాళ దీని సంగతేదో తేల్చేస్తాను," అన్నాడు నరేంద్ర, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

"ఆదివారం పూటయినా కాస్త నడుం వాల్చండి. ఆ పాత ఇంజనుతో ఎందుకండీ?" అంది అతని భార్య హర్షిణి.

ఈ బొమ్మ రైలు బాగుచేద్దామన్నప్పుడల్లా ఆమె ఏదో ఒక వంక పెడుతూనే ఉంది. నరేంద్రకి ఒళ్ళు మండింది. మామగారి సరదా కోడలికి బరువైపోయిందన్నమాట అనుకున్నాడు.

మేడ మీద గదిలో బల్లనిండా పరుచుకున్న ఆ రైలు నరేంద్ర తండ్రి పాండురంగారావుగారి ప్రాణం. బట్టల కొట్టు నడుపుకుంటూనే తాడేపల్లిగూడెం, భీమడోలు, దెందులూరు, ఏలూరు స్టేషన్లను అట్టముక్కలతో కట్టుకున్నారు. భార్య పరమేశ్వరి పోయిన దగ్గర్నుంచి ఆయనకి మతి నిలవడం లేదు. రైలు ఆగిపోవడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలైంది. ఈ రెండింటికీ నరేంద్ర ముడిపెట్టుకున్నాడు. డాక్టర్లు పెదవి విరిచేశాక అతనికి మిగిలిన ఆశ ఇదొక్కటే. రైలు ఒక్కసారి ఏలూరు చేరితే నాన్నగారు మళ్ళీ మామూలు మనిషవుతారు.

ఆయన బల్ల పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. గుప్పిట్లో స్కూటరు తాళం. అది చేతిలో లేనిదే ఈమధ్య ఆయన కూర్చోరు.

"ఇంకా రాలేదేవమ్మా?" అని కోడలిని అడిగారు.

"లేటండీ మావయ్యగారూ. దెందులూరు అవతల సిగ్నల్ ఇవ్వలేదట."

ఆయన బుద్ధిగా తలూపారు. మన ప్యాసింజరు లేటంటే నమ్మనివాడెవడు?

నరేంద్ర ఇంజనును తిరగేసి భార్యకి పాఠం మొదలుపెట్టాడు. పట్టాలోంచి చక్రాలకి, చక్రాలని రాసుకుంటూ ఉండే సన్నటి రేకుల్లోంచి మోటారుకి కరెంటు అందాలట. పాతబడేకొద్దీ ఆ రేకులు వదులైపోతాయట. మధ్యలో ఉల్లిపొరంత మురికో పూతో అడ్డుపడినా బండి ఆగిపోతుందట. హర్షిణి అంతా శ్రద్ధగానే వింది.

దూది కోసం ఆమె అలమర తీస్తే రంగులేని గోళ్ళరంగు సీసాలు కనిపించాయి, కొన్ని ఖాళీవి కూడా. ఆమె గోళ్ళు చూస్తే అంట్లు తోమి తోమి వెలవెలబోతున్నాయి. ఈ రంగంతా ఎవరికి పూస్తున్నావని ఎత్తిపొడిచాడు. హర్షిణి దూది తీసిచ్చింది.

స్పిరిటుతో చక్రాలు తుడిచాడు. పట్టాలు తుడిచాడు. రేకులు వంచి చక్రాలకి ఆనించాడు. బండి తాడేపల్లిగూడెంలో ఠీవిగా బయల్దేరి, దెందులూరు దాటి, మళ్ళీ అక్కడే చతికిలబడింది. నరేంద్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోనీండి, వదిలెయ్యండి," అంది హర్షిణి.

ఆ మాటతో అతనికి పంతం వచ్చింది. ఇంజను వెనకుండే బొగ్గుపెట్టె చక్రాలకి కూడా కొత్త రేకులు బిగించి, అక్కడినుంచి ఇంజనుకి సన్నటి తీగలు అతికాడు. ముందు చక్రాలకి కరెంటు అందకపోతే వెనక చక్రాలైనా అందుకుంటాయి. భోజనానికి రమ్మని హర్షిణి పిలిచినా లేవలేదు.

ఈసారి బండి ఆ చోటికి వచ్చి, ఆగకుండా సాగిపోయింది. ఏలూరు ప్లాట్‌ఫారం మీదకి వచ్చి నిలబడింది.

"నాన్నగారూ, వచ్చేసింది," అన్నాడు నరేంద్ర.

పాండురంగారావుగారు గబుక్కున లేచారు. ఆయన ముఖంలో వెలుగు చూసి నరేంద్ర పొంగిపోయాడు. ఆయన వంగి పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా చూశారు. ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతికారు.

"మీ అమ్మ దిగలేదేంట్రా? ఈ బండికే వస్తానందిగా."

హర్షిణి తల దించుకుంది. ఆయన తాళం పట్టుకుని గుమ్మం వైపు నడిచారు, అసలు స్టేషన్‌కే వెళ్ళి చూస్తానంటూ. నరేంద్ర అడ్డం వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అమ్మ లేదు నాన్నగారూ. అమ్మ పోయింది."

"ఎప్పుడు? నాకు చెప్పలేదేంట్రా?"

పాడె వెనక శ్మశానం దాకా నడిచిన మనిషి, ఆ కబురు ఇప్పుడే విన్నట్టు నేల మీద కూలబడ్డారు. గుండెలు బాదుకుని ఏడ్చారు. ఆయన్ని పట్టుకుని నరేంద్ర కూడా ఏడ్చాడు. అంత దుఃఖం ఒక మనిషి రెండోసారి పడకూడదు.

ఏడ్చి ఏడ్చి ఆయన నిద్రపోయారు. సాయంత్రం లేచి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"రైలు టైమవుతోంది. నా స్కూటరు తాళం ఏదమ్మా?" అన్నారు.

నరేంద్ర ఇంజను అందుకుని తాను అతికిన తీగలు పీకబోయాడు. హర్షిణి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. తాళం మామగారి గుప్పిట్లో పెట్టింది. ఆయనకి మంచినీళ్ళిచ్చి, ఇవాళ కూడా లేటేనట అని చెప్పింది. అలమర తీసి గోళ్ళరంగు సీసా తెచ్చి, మూత తిప్పుతూ ఏలూరు ముందరి పట్టాల మీదకి వంగింది.

"ఇన్నాళ్ళూ ఇంజనంత పొడుగు పూస్తే సరిపోయేదండీ," అంది మెల్లగా, "ఇకనుంచి బొగ్గుపెట్టెతో కలిపి పూయాలి."