వెనక సీటు

యుద్ధం ముగిసిన ఏడాది శంకర రాజా పాత మోటారు సైకిలు కొన్నాడు. భార్య సుందరవల్లి కోసం కొత్త వెనక సీటు చేయించే స్తోమత లేక, చెట్టుకు గుద్దుకున్న ఓ బండి సీటును చవగ్గా తెచ్చి బిగించాడు.

"సీటుకు ఏమీ కాలే రాజా. దానిమీద కూచున్న ఆమే పోయినారు" అన్నాడు అమ్మినవాడు.

ఒకనాడు చీకటిపడ్డాక ఇద్దరూ సేత్తూరు నుంచి వస్తుంటే బండి గుంతలో ఎగిరిపడింది. వెంటనే రెండు చేతులు అతని నడుమును చుట్టుకున్నాయి.

"భయపడొద్దు వల్లీ" అన్నాడు. చేతులు ఇంకా బిగుసుకున్నాయి.

ఊరి మొదట్లో వెనక బస్సు హారను మోగిస్తే ఆగాడు. డ్రైవరు పరుగున వచ్చాడు.

"రాజా, మీ ఇంటామె గుంతకాడ పడి ఉండారు. ఉయిరు లేదు, పోయినారు. తిరిగి కూడా చూడకుండా వచ్చినారే!"

శంకర రాజా దిగబోయాడు. నడుము చుట్టూ ఉన్న చేతులు దిగనివ్వలేదు.